ఆ శనివారం పగారు

2020 మార్చి 21, శనివారం. కరోనాకు ముందు మా గల్లీలో ఆఖరి పగారు పడింది ఆ రోజే. మరునాడు ఆదివారం జనతా కర్ఫ్యూ, సాయంత్రం ఐదింటికి పళ్ళేలు కొట్టడం దేశమంతా యాది చేసుకుంటుంది. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలోకి వచ్చి 21 రోజులు ఎక్కడివాళ్ళు అక్కడే అన్నదీ అందరికీ తెలిసిందే. మా ఇంట్లో మాత్రం లెక్క ఆ శనివారం నుంచే. వారం పగారు మీద నడిచే ఇంటికి తారీఖులతో ఏం పని? పగారు నుంచి పగారుకే దినాలు. ఆ శనివారం తర్వాత మళ్ళీ పగారు చూడటానికి మాకు పన్నెండు వారాలు పట్టింది.

మన పత్రిక భీవండీ, ముంబై దాకా పోతుంది గనక మా షోలాపూర్ సంగతి రెండు మాటలు చెప్తాను. మా తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. ఇక్కడ 1870లలోనే బట్టల మిల్లు లేచింది. నా చిన్నప్పుడు మిల్లు భోంగా కూస్తేనే మా పేటకు తెల్లారేది. నేను తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివి, పద్దెనిమిదేళ్ళకు మిల్లులో బదిలీగా చేరాను. మిల్లు మూతపడ్డాక ఇరవై ఏళ్ళకు పైగా పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు, టవెళ్ళు నేశాను. ఇప్పుడు మోకాళ్ళు లేవవు, చెవులు సగమే పనిచేస్తాయి. కొడుకుదీ అదే పని. నా భార్య పెళ్ళైన కాడి నుంచి బీడీలు చేస్తుంది. మా పేటల్లో ఏ గడప చూసినా ఇంతే, మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు.

ఆ ఏడు జనవరిలో సిద్ధేశ్వర్ జాతర ఎప్పటిలాగే జరిగింది. గడ్డా మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పక్కవాడి భుజం తగలకుండా నడిచేందుకు జాగా లేదు. చైనాలో ఏదో రోగం అని టీవీలో చూపిస్తుంటే నా భార్య సీరియల్ పెట్టుకునేది. మాకు ఆ రోగం మొదట తెలిసింది కార్ఖానాలోంచే. బయటి దేశాలకు పోయే టవెళ్ళ ఆర్డర్లు అటూ ఇటూ అవుతున్నాయని మెహతాజీ అంటున్నాడని ఫిబ్రవరిలో మా కొడుకు చెప్పాడు. సేట్లు ఏటా ఏదో ఒకటి అంటూనే ఉంటారు, నూలు పిరమైందంటారు, జీఎస్టీ అంటారు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాం.

తర్వాత కోడి అగ్గువైంది. కోడి తింటే కరోనా వస్తుందని ఎవడో పుట్టించాడు. దుకాణంవాడు సగం ధరకు పెట్టి ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. నా భార్య మాత్రం, "రోగం సంగతి తర్వాత చూస్కుందం, ఇంత అగ్గువకు మళ్ళెప్పుడు దొరుకుతది?" అని రెండు కిలోలు తెప్పించింది. ఆ నెలలో తిన్నంత కోడికూర మా ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు కూడా తినలేదు.

9వ తారీఖున పుణేలో మొదటి రోగులు బయటపడ్డారు. పుణే మాకు రైల్లో నాలుగు గంటల దూరం. ఆ వారంలోనే రంగపంచమి వచ్చింది. మా ఊళ్ళో హోలీ కంటే రంగపంచమికే రంగులు ఎక్కువ. రంగుల పొడి చైనా నుంచి వస్తుందన్న పుకారుతో చాలామంది పిల్లలు ఉత్త నీళ్ళే కొట్టుకున్నారు. ఆ తర్వాత బడులు బంద్ అయ్యాయి. పదో తరగతి పరీక్షలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. మా మనవరాలు అప్పుడు పదో తరగతి. ఒక్క భూగోళం పేపరు మిగిలింది, 23న. అది అయిపోతే సెలవులు.

ఇక ఆ శనివారం.

పొద్దున్నే నా భార్య బీడీలు తీసుకుని బ్రాంచికి పోయింది. వెయ్యి బీడీలు, కట్టకు 25 చొప్పున 40 కట్టలు. అక్కడ ఆడవాళ్ళు గోడ పొడుగునా ఒకరి మోకాలు ఒకరికి తగిలేటట్టు కూర్చుంటారు. ముందు పోయిన వాళ్ళకు మంచి ఆకు దొరుకుతుందని తెల్లారకముందే పోయేవాళ్ళూ ఉన్నారు. చెకింగ్ చేసేవాడు కట్ట విప్పి, ముక్కు సరిగా మడవని బీడీలు పక్కన పడేస్తుంటే ఎవరి కట్ట వంతు వస్తే వాళ్ళ గుండె కొట్టుకుంటుంది. ఆ రోజు ఎవరో ముసుగులాగా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వస్తే అందరూ నవ్వారట. తంబాకు ఘాటుకే రాని దగ్గు చైనా నుంచి వస్తదా అని. నా భార్య ఆ వారం కూలి తీసుకుని, సోమవారానికి కావలసిన తునికాకు, తంబాకు, దారం కట్టుకుని ఇంటికి వచ్చింది.

ఆ ఆకు కథ చెప్పాలి. రాత్రి తడిగుడ్డలో చుట్టి మెత్తబడ్డాక తెల్లారి కత్తిరించి చేయాలి. ఆదివారం కూర్చుని మొత్తం చేసేసింది. సోమవారం బ్రాంచి తలుపు తియ్యలేదు. ఆ వెయ్యి బీడీలు మా ఇంట్లో డబ్బాలో మూతపెట్టి ఉన్నాయి, వారాలకు వారాలు. ఎండాకాలం పోయి ముసురు పట్టింది. అప్పుడప్పుడు మూత తీసి ఎండకు పెట్టేది, బూజు పడితే కూలి పోతుందని. చేతిలో పని లేక వేళ్ళు ఊరుకోవు. ఒకనాడు టీవీ చూస్తూ పాత కాగితం ముక్కను చుట్టి, చివర మడిచి, దారం వెతుకుతోంది. తనకే తెలియదు. మనవరాలు చూసి నవ్వితే అప్పుడు చేతిలోకి చూసుకుంది.

శనివారం మధ్యాహ్నానికి భూగోళం పేపరు వాయిదా అని వార్త వచ్చింది. పిల్ల పుస్తకం మూసి ఎగిరింది, తర్వాత ఏడ్చింది, చదివినదంతా మరిచిపోతానని. ఏప్రిల్‌లో ఆ పేపరే రద్దు చేశారు. మిగతా మార్కులు చూసి దానికీ వేశారు. నదులు, పర్వతాలు అన్నీ వల్లెవేసిన పిల్ల ఆ పేపరు ఇప్పటిదాకా రాయనే లేదు.

సాయంత్రం నేను కార్ఖానాకు పోయాను. నాకు అక్కడ పని లేదు, పగారు లేదు. శనివారం పూట పోవడం అలవాటు. ఎనిమిది మగ్గాల చిన్న కార్ఖానా. ఆరింటికి స్విచ్చి వేస్తారు, మెహతాజీ మేజా దగ్గర వరుస కడతారు, పేరు పిలుస్తాడు, వేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెడతాడు. తర్వాత అందరం పక్క హోటల్లో చాయ్. ఆ వారం ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళది బిల్లు. (ఇప్పుడు ఇదంతా లేదు. పగారు ఫోన్లో పడుతుంది. టక్ మని మోగితే కొడుకు చూసి జేబులో వేసుకుంటాడు. దొంగల భయం లేదు, చిల్లర గొడవ లేదు, మంచిదే. నలుగురు ఒకచోట నిలబడి మాట్లాడుకునే పని మాత్రం పోయింది. నాకు నచ్చలేదు.)

నేను పోయేసరికి మా బావ మూడో నంబరు మగ్గం కింద పడుకుని ఉన్నాడు. మా అక్క మొగుడు. మిల్లులో జాబర్‌గా చేసినవాడు. 72 ఏళ్ళ వయసులో కూడా ఏ కార్ఖానాలో మగ్గం మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్ళు. కుంభారిలో బీడీ కార్మికులకు కట్టిన ఘర్కుల్‌లో, అక్క పేరు మీద వచ్చిన ఇంట్లో ఉండేవాడు. అక్కడి నుంచి పాత సైకిలు మీద వచ్చేవాడు. ఆయనకు మగ్గం చూడాల్సిన పని లేదు, చప్పుడు వింటే చాలు. "పికర్ అరిగింది, నాడె సక్కగ పోతలేదు" అని గుమ్మంలోనే చెప్పేసేవాడు. నాతో మాత్రం రెండుసార్లు గట్టిగా చెప్తే గానీ వినపడదని ఎగతాళి.

ఆ సాయంత్రం పికర్ మార్చి లేచాడు. మగ్గం మీద చద్దరు సగం నేసి ఉంది. మేలైన ఎర్ర రంగు, మామిడి పిందెల డిజైను. బావ చేతులు గుడ్డతో తుడుచుకుని దాని మీద చెయ్యి వేశాడు.

"ఇది నాకు పక్కకు పెట్టరా అల్లుడా" అన్నాడు మా కొడుకుతో. "ఉగాదికి ఊరికి పోతున్న. మా చెల్లెకు ఇయ్యాలె."

"సోమవారం పొద్దున్నే దింపుతా మామా" అన్నాడు వాడు.

సిరిసిల్ల దగ్గరి పల్లెలో బావకు ఒక చెల్లె ఉంది. పాత ఇంట్లో ఒక్కతే. ఏటా ఉగాదికి ఆయన పోవాలి, పండగ పచ్చడి ఆ ఇంట్లో తాగాలి. సోమవారం రాత్రి హైదరాబాద్ బస్సుకు పోయి, అక్కడ మారి, మంగళవారం పగటికి ఊరు చేరాలని ఆయన లెక్క. బుధవారం ఉగాది.

హోటల్లో ఐదుగురం ఒక బల్ల మీద కూర్చున్నాం. పేపర్లో మరునాటి కర్ఫ్యూ సంగతి ఉంది. ఒకాయన చదివి వినిపించాడు, పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎవరూ బయటికి రావద్దని. "ఒక్క దినమే కదా, మిల్లు సమ్మెలల్ల నెలలకు నెలలు కూసున్నం" అన్నాడు బావ. సమ్మె మాట వచ్చేసరికి అందరూ ఆ కథల్లో పడ్డారు, కర్ఫ్యూ సంగతి పక్కకు పోయింది. ఆ రోజు చాయ్ బిల్లు బావే ఇచ్చాడు, పికర్ వేసినందుకు సేటు ఇచ్చిన పైసల్లోంచి. సైకిలెక్కి, "ఉగాది అయినంక కలుస్త, బామ్మర్దీ" అని గట్టిగా అరిచి పోయాడు. నాకు ఒక్కసారికే వినపడింది.

కొడుకు ఇంటికి తెచ్చిన పగారు 2,600. నా భార్య ఎప్పటిలాగే చాప మీద పంచింది. కిరాణా ఖాతాకు 900, పాలవాడికి 350, కరెంటు బిల్లుకు 400, భిషీకి 500. మిగిలినవి 450, వాటిని డబ్బాలో వేసింది. భిషీ అంటే తెలియనివాళ్ళు ఉండరనుకుంటాను, మేము ఇరవై మందిమి వారానికి 500 వేసేవాళ్ళం, వంతు వచ్చినవాళ్ళకు 10,000. మా వంతు సరిగ్గా వచ్చే శనివారం, 28న. పిల్లను పదకొండులో చేర్చడానికి ఆ పైసలు అనుకున్నాం. 28న ఎవరు వేస్తారు, ఎవరు ఇస్తారు? భిషీ నడిపే ఆమె ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, "ఎక్కడిది అక్కడ ఆపిన, ఎవ్వరి రూపాయి పోదు" అని చెప్పింది. మాట నిలబెట్టుకుంది. దసరాకు మా 10,000 మా చేతికి వచ్చాయి. ఇట్లాంటి మనుషుల గురించి ఎవరూ రాయరు గనక ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం మా పేటలో జరిగిన పెద్ద సంగతి పళ్ళేలు కాదు. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. మా ఇళ్ళకు గోడ అవతలే కార్ఖానాలు. రాత్రి పాళీ కూడా నడుస్తుంది గనక ఆ టకటకలోనే పుట్టాం, ఆ టకటకలోనే నిద్రపోతాం. చంటిపిల్లలు కూడా దానికే అలవాటు పడి ఉంటారు. ఆ రాత్రి పక్కింటి బాబు ఊరికే ఏడుస్తూనే ఉన్నాడు. సగం చెవుడు ఉన్న నాకే నిద్ర పట్టలేదు. ఆ రోజే రైళ్ళు ఆగిపోయాయని, తెలంగాణ సరిహద్దు మూసేస్తున్నారని తెలిసింది. బావ సోమవారం పొద్దున ఫోన్ చేసి, "బస్సు లేదట" అన్నాడు, అంతే. సోమవారం నుంచి రాష్ట్రమంతా కర్ఫ్యూ పెట్టారు.

ఉగాది నాడు మార్కండేయ గుడి మూసి ఉంది. పంచాంగం వినడం లేదు. కొత్త ఏడు పేరు శార్వరి అని ఫోన్లో వచ్చింది. గల్లీలో వేపచెట్టు ఉంది గనక పువ్వుకు లోటు లేదు, మామిడికాయ మాత్రం దొరకలేదు. ఎదురింటి మరాఠీ వాళ్ళు గుడి ఎత్తారు గానీ దానికి కట్టే చక్కెర గాఠీ లేదు. వాళ్ళు ఒక గిన్నె శ్రీఖండ్ మా గడప మీద పెట్టి వెనక్కి జరిగారు. మేము ఒక చెంబు పచ్చడి వాళ్ళ గడప మీద పెట్టి వచ్చాం. డబ్బాలోని 450, నా భార్య బీడీల కూలి కలిపి ఏప్రిల్ మొదటి వారం దాకా వచ్చాయి. తర్వాత రేషన్‌లో మనిషికి 5 కిలోల బియ్యం, ఆమె జన్‌ధన్ ఖాతాలో పడిన 500, కిరాణావాడి మంచితనం, వీటితో నడిచింది. ఏప్రిల్ 12న మా ఊళ్ళో మొదటి కేసు తేలింది. ఆ నెలల గురించి అందరూ చెప్పారు, నేను మళ్ళీ చెప్పను.

జూన్‌లో కార్ఖానా తెరిచారు. బీములకు దుమ్ము పట్టింది, రెండు మగ్గాల మీద ఎలుకలు పోగులు కొరికాయి. మూడో నంబరు మీద ఎర్ర చద్దరు సగంలోనే ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని బావ వచ్చాడు. నెలల తరబడి పడుగు లాగిపట్టి ఉంటే మళ్ళీ మొదలుపెట్టిన చోట అడ్డంగా గీత పడుతుంది, మగ్గం తెలిసినవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. బావ నాలుగు పోగులు విప్పించాడు, పడుగు వదులు చేశాడు, మెల్లగా చేత్తో తిప్పి మొదలుపెట్టించాడు. గీత అయినా పడింది. సన్నగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. దీని కింద సగం మార్చిలోది, పైన సగం జూన్‌లోది. సేటు చూసి సెకండ్స్‌లో వేయమన్నాడు. బావ అడిగి పైసలిచ్చి అదే తీసుకున్నాడు. వేరేది తీసుకొమ్మని మా కొడుకు అంటే, "నేను ఇదే అన్న కదరా" అన్నాడు. 13న శనివారం పగారు పడింది, సగం పగారు. బ్రాంచి తెరిచాక నా భార్య ఆ పాత వెయ్యి బీడీలు పట్టుకుపోయింది. పది కట్టలు తీసి పడేశారు, ముప్పై లెక్కలో వేసుకున్నారు.

జూలై 16 నుంచి మా ఊరికి మళ్ళీ పది రోజులు లాక్‌డౌన్. ఆ పది రోజుల్లోనే బావ పోయాడు. ముప్పై ఏళ్ళు దూది దుమ్ము మింగిన రొమ్ము, జ్వరం వచ్చిన నాలుగో రోజుకే ఆయాసం అందుకుంది. ఆసుపత్రి వాకిట్లోంచే లోపలికి తీసుకుపోయారు. తర్వాత కట్టి, బండిలో పెట్టారు. అక్క, ఇద్దరు కొడుకులు, నేను దూరంగా నిలబడ్డాం. మూడు వందల మంది రావాల్సిన మనిషికి నలుగురం. ఊళ్ళో ఉన్న చెల్లె రాలేదు, రావడానికి దారి లేదు. పదో దినం ఫోన్లో చూసింది. ఆ ఏడు నూలు పున్నమికి మార్కండేయుడి రథం కూడా వీధిలోకి రాలేదు.

చద్దరు అక్క ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. 2021లో పోదామనుకుంటే మళ్ళీ రోగం లేచింది. 2022 ఉగాదికి అక్కను తీసుకుని నేను పోయాను. ఏప్రిల్ ఎండ, బస్సులు కిటకిట. ఆ ఇల్లు బావ చెప్పినట్టే ఉంది, వాకిట్లో వేపచెట్టు, వసారాలో పాత మగ్గం గుంత, దాని నిండా కట్టెలు పేర్చి ఉన్నాయి. వదినా మరదళ్ళు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. నేను బయట కూర్చున్నాను.

పచ్చడి తాగాక అక్క చద్దరు తీసి ఇచ్చింది. ఆమె మడత విప్పి మంచం మీద పరిచింది. నేతకాడి బిడ్డ కదా, చెయ్యి నేరుగా ఆ గీత మీదికే పోయింది.

"ఇదేంది బావా, ఈడ గీత?"

మగ్గం ఆగిన సంగతి, మీ అన్న నాలుగు పోగులు విప్పించిన సంగతి చెప్పాను. ఆమె వింటూ ఆ గీత వెంట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలు జరిపింది.

"ఎంతకు తీస్కున్నడు?"

"సెకండ్స్ ధరకే. తక్కువే."

"బేరం చేసిండా?"

"చేసే ఉంటడు."

"చేస్తడు, ఊకుంటడా" అని ఆమె చద్దరు మడిచి, మళ్ళీ విప్పి, అన్న పడుకునే మంచం మీద సరిగ్గా పరిచి, మాకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.